పొద్దున్నే పట్టిన తొలినీళ్ళు

ఇది ఒక్కసారి కూర్చుని రాసింది కాదు. నాలుగు వాక్యాలు రాసేసరికి కుడిచేయి మణికట్టు దగ్గర బరువెక్కిపోతుంది. అప్పుడు పెన్ను పక్కన పెట్టి, చేయి ఒళ్ళో వేసుకుని కూర్చుంటాను. మళ్ళీ ఎప్పుడో ఇంకో నాలుగు వాక్యాలు. మధ్యలో పొయ్యి మీద అన్నం, పాప బడి, అత్తమ్మ మాత్రలు. అందుకని ఎక్కడైనా చెప్పిందే చెప్పినట్టుంటే ఓపిక పట్టండి.

జబ్బు తగ్గిందని డాక్టరమ్మ అన్నది. నిజమే, తగ్గింది. కానీ జబ్బు తగ్గడం వేరు, మనిషి తేరుకోవడం వేరు. వీధిలో కనబడిన ప్రతివాళ్ళూ "ఇప్పుడెట్టా ఉండాది వసంతా" అని అడుగుతారు. వాళ్ళది మంచి మనసే. అయినా "బాగుంది" అనడానికి కూడా నాకు అలసటగా ఉంటుంది. మొదటినుంచీ చెప్పాలంటే మరీ అలసట. ఒకసారి రాసి పెడితే అడిగినవాళ్ళకు చదువుకోమని ఇవ్వొచ్చు కదా అనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా చుట్టుపక్కల ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఆ ఎర్ర ముద్ద పెట్టిన పైపులున్నాయో నాకు తెలియదు.

పోయిన ఏడు ఎండాకాలం

మాది నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు సాయంత్రం పూట వీధి కుళాయికి వస్తాయి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆ నీళ్ళు బిందెలతో మోసింది నేనే. మా ఆయన మధు పగలంతా రొయ్యల గుంటల దగ్గర ఉంటాడు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. పాప లాస్య నాలుగో తరగతి చదువుతోంది. మా ఇంట్లో తినే మనిషి ఇంకొకరున్నారు, మా బావగారు పెంచలయ్య. మా ఆయనకు అన్న. భార్య పోయాక ఆయన వీధికి అవతల ఉన్న తన ఇంట్లో పడుకుంటారు, రెండు పూటలా మా ఇంటికి వచ్చి భోంచేస్తారు.

బావగారితో నేను నేరుగా మాట్లాడను. కోపతాపాలేమీ లేవు, మా ఇళ్ళల్లో అలవాటు అంతే. చెప్పాల్సిందేదైనా పాపతో చెబుతాను. "పెదనాన్నకు ఇంకాస్త పులుసు కావాలేమో అడుగు" అంటాను. ఆయన అక్కడే కూర్చుని ఉంటారు, వినబడుతూనే ఉంటుంది. "చాలని చెప్పమ్మా" అని ఆయన కూడా పాపతోనే అంటారు. పాప మా ఇద్దరి వైపూ చూసి నవ్వుతుంది. ఇన్నేళ్ళూ ఇల్లు ఈ పద్ధతిలోనే సాఫీగా గడిచింది.

ఆ వేసవిలో ఒక సాయంత్రం నిండు బిందె చంకన పెట్టుకుని వస్తూ గడప దగ్గర కాలు జారి పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, బిందె సొట్టపోయింది. బావగారు వీధరుగు మీదనుంచి చూశారు. మర్నాడు గుంటల దగ్గర మిగిలిపోయిన ఇనుప పైపులు బండి మీద వేసుకొచ్చారు. మిద్దె మీద ట్యాంకు పెట్టి, వీధి కుళాయి నీళ్ళు అందులోకి ఎక్కేటట్టు చేసి, అక్కడినుంచి వంటింట్లోకి పైపు దించారు.

పైపుల పని ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. వయసులో ఉండగా పడవల ఇంజన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర పనిచేశారు. తర్వాత చుట్టుపక్కల రొయ్యల గుంటల మోటార్లకు పైపులు బిగించింది చాలావరకు ఆయనే. అతుకు దగ్గర నీళ్ళు కారకుండా ఉండటానికి ఒక ముద్ద కలిపేవారు. ఎర్రటి పొడిలో అవిసెనూనె పోసి, చపాతీ పిండిలా వట్టి చేత్తో పిసికి, పైపు మరల మీద జనపనార పోగు చుట్టి, దాని మీద ఆ ముద్ద మెత్తి బిగించేవారు. పడవల దగ్గర నేర్చుకున్న పని అది. ఇప్పుడు అందరూ వాడే తెల్ల టేపు కోటలో దొరుకుతుంది, తెస్తానని మా ఆయన అంటే, అది పాప జడకు కట్టుకోమన్నారు. "సముద్రంలోనే ఆగింది, మీ వంటింట్లో ఆగదా?" అన్నారు. ఆ ముద్ద రంగు అచ్చం ఆంజనేయస్వామికి పూసే సింధూరం రంగు. అత్తమ్మ దాన్ని చూసి మంచి శకునమని సంతోషపడింది.

మిగులు పైపులు కాబట్టి ముక్కలు ఎక్కువ, ముక్కలు ఎక్కువైతే అతుకులు ఎక్కువ. ప్రతి అతుక్కీ లోపలా బయటా ధారాళంగా ముద్ద పెట్టారు. ఒక్క చుక్క కారలేదు. వంటింట్లో కుళాయి తిప్పగానే నీళ్ళు పడిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఈ ఇంట్లో నేను అడక్కుండా నా కోసం ఒకరు ఒక పని చేయడం అదే మొదలు. పాపతో "పెదనాన్నకు పాయసం చేస్తున్నానని చెప్పు" అన్నాను. ఆయన ఆ రాత్రి రెండోసారి వేయించుకుని తిన్నారు.

మా అత్తమ్మకు ఒక పట్టింపు ఉంది. తెల్లారి ఇంకెవరూ ముట్టకముందు పట్టిన నీళ్ళే తాగడానికీ, దేవుడి దగ్గర పెట్టే చెంబుకూ. ఉప్పు ఎక్కకముందు ఈ ఊళ్ళో బావులుండేవి. అప్పుడు తొలిచేద నీళ్ళు అలా తెచ్చేవారట. రాత్రంతా ఎవరూ కదిలించని నీళ్ళు తేటగా ఉంటాయని ఆమె లెక్క. బావులు పోయాయి, కుళాయి వచ్చింది, పట్టింపు మాత్రం పోలేదు. రోజూ తెల్లారగానే, కుళాయి మూతికి కట్టిన గుడ్డలోంచి మొదట పడే నీళ్ళు మంచినీళ్ళ బిందెకు. ఆ తర్వాతే అంట్లకూ బియ్యం కడగడానికీ. బావిలో ఆమె మాట నిజమే అయ్యుంటుంది. కుళాయిలో ఆ నీళ్ళు రాత్రంతా ఎర్ర ముద్దను ఆనుకుని పైపులో నిలబడి ఉన్నాయన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఎండలు తగ్గాక

మొదట వచ్చింది నీరసం. ఎండ దెబ్బ అనుకున్నాను. తర్వాత నోట్లో అదో రకం రుచి, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు తిన్నట్టు. ఏం తిన్నా అదే రుచి. ఆ తర్వాత కడుపునొప్పి మొదలైంది. పేగుల్ని ఎవరో తడిబట్ట పిండినట్టు పిండి, కాసేపు వదిలి, మళ్ళీ పిండేవారు. ఆ నొప్పి వచ్చినప్పుడు నిలబడలేను, పడుకోలేను. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులూ పొట్ట మీద అదిమి పట్టుకుని వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అలా ఎన్నిసార్లు కూర్చున్నానంటే ఆ చోట గోడకు నా తలనూనె మరక పడింది.

ఊళ్ళో ఆరెంపీ డాక్టరు గారు గ్యాసన్నారు. మందులిచ్చి, నీళ్ళు తక్కువ తాగుతున్నావమ్మా, విరేచనం కావడం లేదంటే అదే కారణం, పరగడుపున చెంబు నిండా తాగు అన్నారు. నేను చెప్పిన మాట వినే మనిషిని. తెల్లారి పట్టిన నీళ్ళు పట్టినట్టే, పరగడుపున, చెంబు నిండా తాగాను. నొప్పి ఎక్కువైన రోజున ఇంకో అర చెంబు తాగాను. ఇంట్లో అందరూ తాగింది ఆ నీళ్ళే అయినా అంత భక్తిగా తాగింది నేనొక్కదాన్నే. మా ఆయన పగలంతా గుంటల దగ్గర క్యాను నీళ్ళు తాగేవాడు. పాప బడిలో తాగేది. అత్తమ్మ నీళ్ళకంటే మజ్జిగే ఎక్కువ తాగుతుంది.

నాకు ఉన్నట్టుండి కోపం రావడం మొదలైంది. గిన్నె మోగినా కోపమే. పాప పాఠం గట్టిగా చదివినా కోపమే. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. మా ఆయన కోటలో ఒక డాక్టరుకు చూపించాడు, ఆయనా గ్యాసే అన్నాడు. దానికి తోడు రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే పొట్ట ఇంకా బిగుసుకుపోయింది.

కుడిచేతి సంగతి మొదట కనిపెట్టింది పాప. రోజూ బడికి పోయే ముందు రెండు జడలు వేసి, మడిచి, రిబ్బను కట్టాలి. ఒక పొద్దున జడ సగంలో నా వేళ్ళు జారిపోయాయి. పాయలు బిగించి పట్టుకుందామంటే మణికట్టు నిలబడటం లేదు, కిందికి వాలిపోతోంది. పాప అద్దంలోంచి నన్నే చూస్తోంది. "గట్టిగా ఎయ్యమ్మా, ఊడిపోతాది" అన్నది. వేయలేకపోయాను. ఆ పూట అది ఒకటే జడతో, అదీ వదులు జడతో బడికి పోయింది. అది వీధి మలుపు తిరిగిందాకా చూసి, లోపలికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. కడుపునొప్పికి నేను అంత భయపడలేదు. ఈ చేయి పోతే ఎట్లా అన్న భయం మాత్రం ఆ రోజునుంచి నన్ను వదల్లేదు.

వానలప్పుడు

అక్టోబరు వానలకు మా ఆయన నన్ను బుచ్చిరెడ్డిపాలెంలో మా అమ్మ దగ్గర దించాడు. అక్కడ కొన్నాళ్ళకే నొప్పి తగ్గుముఖం పట్టింది. నోట్లో రుచి మారింది. అమ్మ చేసిన పప్పుచారు పప్పుచారులాగే ఉంది. కార్తీక మాసం మొదట్లో తిరిగి వచ్చాను. మళ్ళీ తొలినీళ్ళు, మళ్ళీ పరగడుపున చెంబు. నెల తిరక్కుండా మళ్ళీ ఆ గోడ దగ్గరే కూర్చున్నాను.

ఇక చూడండి. పుట్టింట్లో తగ్గి అత్తింట్లో తిరగబెట్టే రోగానికి ఈ లోకంలో ఒకటే పేరు. వీధిలో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వడం తప్పు అని కూడా అనను, నేనైనా నవ్వేదాన్నే. అత్తమ్మ నవ్వలేదు. నేను మంచాన పడ్డప్పటినుంచి వంట ఆమెదే. ఒక మధ్యాహ్నం నా ఎదురుగా వచ్చి కూర్చుని, మెల్లిగా అడిగింది.

"ఏమ్మే, నా చేతి కూడు నీకు పడటం లేదా? ఉండేది ఉన్నట్టు చెప్పు. నేనేం అనుకోను."

అదే అన్నిటికన్నా చెడ్డ కాలం. నొప్పి ఉన్నది నాకు తెలుసు, అయినా నా నొప్పిని నేనే నమ్మలేని స్థితికి వచ్చాను. మనసులో ఈ ఇల్లు గిట్టక ఒళ్ళు నాటకమాడుతోందేమో అని రాత్రిళ్ళు నన్ను నేనే నిలదీసుకున్నాను. మా ఆయన అటూ చెప్పలేక ఇటూ చెప్పలేక నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోరు కూడా ఒక మాటే అని నాకనిపించేది.

నెల్లూరు

నెల్లూరు పెద్దాసుపత్రిలో వరండా కుర్చీలు మూడేసి కలిపి బిగించి ఉంటాయి. ఒకరు లేస్తే మిగతా ఇద్దరూ ఊగుతారు. గోడకు టీవీ ఉంటుంది, శబ్దం రాదు. స్కానింగు కవరు ఒళ్ళో పెట్టుకుని, టోకెను చేత్తో పట్టుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరమూ ఒకేసారి అటు చూస్తాం. ఒక గదివాళ్ళు ఇంకో గదికి పంపారు. ఆ గదివాళ్ళు మత్తిచ్చి గొట్టం వేసి కడుపులో ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే సంతోషించాలి కదా. నాకు సంతోషం రాలేదు. చివరికి ఒకాయన టెన్షన్ తగ్గించుకోమని, మనసు డాక్టరుకు ఒకసారి చూపించమని మా ఆయనకు చెప్పాడు. చెప్పింది ఆయనకు, నేను పక్కనే ఉండగా.

ఆ వరండాలోనే మేరమ్మ అనే ఆవిడ నా పక్కన కూర్చుంది. భర్తను కిడ్నీల జబ్బుతో తీసుకొచ్చిందట, అల్లూరు వైపు మనిషి. నా ముడి ఊడిపోయి వెంట్రుకలు మొహం మీద పడుతున్నాయి, చేయెత్తి కట్టుకునే ఓపిక నాకు లేదు. ఆవిడ ఒక్క మాట అడక్కుండా నా వెనక్కి జరిగి, వేళ్ళతోనే చిక్కు తీసి, జడ అల్లి, తన చీర కొంగు చివర ముడివేసుకున్న రబ్బరుబ్యాండు తీసి కట్టింది. "పేరేందమ్మా? ఆదివారం ప్రార్థనలో చెప్పుకుంటా" అన్నది. చెప్పాను. ఆవిడను మళ్ళీ చూడలేదు. నేను ఏ దేవుడికి మొక్కుకున్నా ఇప్పటికీ ఆ చేతులు గుర్తొస్తాయి.

మనసు డాక్టరు దగ్గరికి పోయేముందు మా ఆయన ఇంకో డాక్టరమ్మకు చూపిద్దామన్నాడు. చిన్న వయసు ఆమె. నా చేయి చాపమని, మణికట్టు పైకెత్తమంది. ఎత్తలేకపోయాను. నోరు తెరిపించి, పెదవి కిందికి లాగి, టార్చిలైటు వేసి చిగుళ్ళు చాలాసేపు చూసింది. పళ్ళు మొలిచే చోట సన్నగా నల్లటి గీత ఉందట. నాకున్న చిగుళ్ళను నేనే ఎన్నడూ అంత శ్రద్ధగా చూడలేదు. ఆ తర్వాత ప్రశ్నలు అడిగింది. ఇంట్లో రంగులు వేశారా, బ్యాటరీల పని చేస్తారా, నాటు మందులు వాడారా. అన్నిటికీ లేదనే చెప్పాను. లేచేముందు, సిగ్గుపడుతూనే, పుట్టింటికి పోతే తగ్గుతోందని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె రాయడం ఆపింది.

"అక్కడ మీరు ఏ నీళ్ళు తాగారు? ఇక్కడ ఏ నీళ్ళు తాగుతారు?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న ఒక్కరు కూడా అడగలేదు.

రక్తం చెన్నైకి పంపారు. ఇంట్లో కుళాయి నీళ్ళు కూడా రెండు సీసాల్లో తెమ్మన్నది, తెల్లారి మొదట పడేవి ఒకదాంట్లో, కాసేపు వదిలేశాక పడేవి ఇంకోదాంట్లో. ఫలితం వచ్చేలోపే అత్తమ్మ తన కళాయి గిన్నెలన్నీ తీసి అటక మీద పెట్టేసింది. తప్పు తన వంటదేమోనని ఆమె భయం. నేను వద్దన్నా వినలేదు. ఫలితాలు వచ్చాయి. నా రక్తంలో సీసం ఉంది, ఉండకూడనంత ఉంది. తొలినీళ్ళ సీసాలోనూ ఉంది. రెండో సీసాలో బాగా తక్కువ.

పైపుల అతుకులకు ఏం పెట్టారని డాక్టరమ్మ అడిగితే ముద్ద సంగతి చెప్పాం. ఆ ఎర్ర పొడి సీసం పొడి. పడవకు, పడవ ఇంజనుకు, గుంట మోటారుకు అది పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని ఎవరూ తాగరు. తాగే నీళ్ళ పైపుకు పెట్టకూడదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ పట్టింది. కుళాయి గుడ్డలో రోజూ ఎర్రటి నలుసులు కనబడేవి. ఇనుప తుప్పు అనుకుని దులిపేసి మళ్ళీ కట్టేవాళ్ళం.

బిడ్డ రక్తం కూడా చూడాలన్నారు. దాని ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల గురించి రాయను, రాయలేను. కొద్దిగా ఉంది, పాలూ గుడ్డూ పెట్టండి, ఆ నీళ్ళు మానేస్తే పోతుంది, మళ్ళీ చూద్దాం అన్నారు. అది విన్న పూట కూడా నాకు ఏడుపు రాలేదు. బస్సులో కిటికీకి తల ఆనించి కోట వచ్చేదాకా నిద్రపోయాను.

ఇంట్లో

బావగారికి చెప్పింది మా ఆయన. భోజనం మధ్యలో చెప్పాడు, అదీ పొరపాటే. నేను వంటింట్లో ఉన్నాను. బావగారి చేయి కంచంలోనే ఆగిపోయింది.

"అంటే ఏంది మధూ? నా చేత్తో నేను ఈ ఇంటికి విషం పెట్టినాననా?"

మా ఆయన "అట్లా కాదు అన్నా, తెలియక జరిగింది అన్నా" అని ఏదో చెబుతున్నాడు. బావగారు చేయి కడుక్కుని లేచిపోయారు. మర్నాడు రాలేదు. పాపతో క్యారియరు పంపితే ఆకలి లేదని తిప్పి పంపారు. తన ఇంట్లో తనే వండుకోవడం మొదలుపెట్టారు. అత్తమ్మ నన్నేమీ అనలేదు, కానీ వడ్డించేటప్పుడు రోజూ ఒక కంచం ఎక్కువ వేసి, మళ్ళీ తీసి పెట్టేది. అది చూడటం తిట్టించుకోవడం కంటే కష్టం.

కోటనుంచి వేరే పనివాణ్ణి పిలిచి పైపులు మార్పించాం. ఇనుప పైపులు తీసేసి ప్లాస్టిక్కువి వేశాడు. అతికించే జిగురు డబ్బా మీద తాగే నీళ్ళకు పనికొస్తుందని రాసి ఉందో లేదో మా ఆయన చదివి చూశాకే మూత తీయనిచ్చాడు. కుళాయి మరకు తెల్ల టేపు చుట్టించాడు. పాత ముక్కలు విప్పుతుంటే లోపల ఎర్రగా పెచ్చులు రాలాయి. వీధికి అవతల బావగారు మంచం మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు. పాత పైపులు బండికెత్తాక లోపలికి పోయి తలుపు వేసుకున్నారు.

నాకు మందులు, మధ్యలో కొన్నాళ్ళు ఆసుపత్రి మంచం. సంక్రాంతి దాటాక కడుపునొప్పి పోయింది. చేతికి బలం మాత్రం బద్ధకంగా వస్తోంది. పాప ఈలోగా జడ వేసుకోవడం తనే నేర్చుకుంది. వంకర పాపిట, ఒకటి పైకి ఒకటి కిందికి, అయినా గట్టి జడలు. "నువ్వు రెస్టు తీసుకోమ్మా" అంటుంది పెద్ద ఆరిందాలా. సంతోషించాలో ఏడవాలో తెలియక రిబ్బను అందిస్తుంటాను.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. పైపు పని చేయించేటప్పుడు అతుక్కి ఏం పెడుతున్నావని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు. ఎర్ర ముద్ద అయితే వద్దనండి. ముందే పెట్టించి ఉంటే ఆ నీళ్ళు తాగడం ఆపి, పరీక్ష చేయించండి. తెల్లారి మొదట పడే నీళ్ళను అంట్లకు వదలండి. మా అత్తమ్మకు ఇది మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది. తొలినీళ్ళు తూములోకి పోతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడేది. ఇప్పుడు కుళాయి తిప్పి, పక్కన నిలబడి గోవింద నామాలు చదువుతుంది. అవి అయ్యాక బిందె పెడుతుంది. దేవుడి చెంబు కూడా ఆ తర్వాతే. కొత్త పైపులకు అంత అక్కర్లేదని మా ఆయన అంటే, నామాలు చదివితే నీ సొమ్మేం పోయిందిరా అన్నది.

శివరాత్రి ముందు

ఒక సాయంత్రం పాప బడినుంచి వస్తూ పెదనాన్న ఇంట్లోకి తొంగి చూసి వచ్చింది. "అమ్మా, పెదనాన్న నీమాదిరే కూర్చోనుండాడు" అన్నది.

నామాదిరే అంటే ఎట్లా అని అడిగాను. అది గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులూ పొట్ట మీద అదుముకుని చూపించింది.

డాక్టరమ్మ మొదటే అన్నది, ఆ ముద్ద కలిపే మనిషిని ముందు తీసుకురమ్మని. ఆయన ఇన్నేళ్ళూ వట్టి చేతులతో పిసికారు. ఆ చేతులతోనే బీడీ కాల్చారు, టీ తాగారు. ఆయనకు ఎప్పటినుంచో గ్యాసు అని మా ఇంట్లో అందరికీ తెలుసు. చేయి వణుకుతోందంటే వయసనుకున్నాం. మా ఆయన రెండుసార్లు ఆసుపత్రికి రమ్మని పిలిచాడు. నాకేం రోగం లేదు పొమ్మన్నారు. పరీక్షకు వస్తే ఆ ముద్ద విషమని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే నాకు జరిగిందంతా తన చేతిమీదుగా జరిగినట్టే. అందుకని ఆ నొప్పిని పళ్ళ బిగువున భరిస్తూ కూర్చున్నారు. ఆ నొప్పి ఎట్లాంటిదో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు, నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం నేనే గుంటల దగ్గరికి పోయాను. పాపను తీసుకుపోలేదు. బావగారు మోటారు షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కంగారుగా లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నారు. ఆయన మొహం బాగా పాలిపోయింది. పెళ్ళయినప్పటినుంచి ఆయన మొహం అంత దగ్గరగా నేను చూడలేదు.

"బావా" అన్నాను. "నేను మిమ్మల్ని అనడానికి రాలేదు. రేపు తొలిబస్సుకు నెల్లూరు పోదాం. తోడు నేనొస్తా."

ఆయన గుంట వైపు తిరిగారు. నీళ్ళు తిప్పే చక్రాలు తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ అన్నారు.

"నువ్వు బిందెతో పడింది చూసినానమ్మా. అందుకే వేసినా ఆ పైపు."

"నాకు తెలుసు బావా. ఆ రోజే తెలుసు."

వస్తానని ఆయన అనలేదు. తెల్లారి నేను బస్సు దగ్గరికి పోయేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడిపి దువ్విన తలతో నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు.

అదే వరండా, అవే కుర్చీలు, శబ్దం లేని అదే టీవీ. ఈసారి టోకెను నా చేతిలో ఉంది. రక్తం తీయించుకుని వచ్చి ఆయన నా పక్క కుర్చీ వదిలి ఆ తర్వాతి కుర్చీలో కూర్చున్నారు. సూది కోసం పైకి మడిచిన చొక్కా చేతిని కిందికి దించి గుండీ పెట్టుకోబోయారు. వేళ్ళు వణికి గుండీ జారిపోతోంది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది. నేను మధ్య కుర్చీలోకి జరిగి ఆయన చేయి తీసుకున్నాను. నా కుడిచేయి కూడా అంతంతమాత్రమే కదా. ఎడమచేత్తో కాజా పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో గుండీ తోస్తున్నాను. అది ఒక పట్టాన పడటం లేదు.

ఆయన నేల చూస్తూ, ఎవరికీ వినబడనంత మెల్లిగా అడిగారు. "నీక్కూడా ఇట్టనే మెలిపెట్టినాదా అమ్మా?"

"ఇట్టనే బావా."

"అన్ని నెలలూనా?"

"అన్ని నెలలూ."

ఆయన గుండీ పడేదాకా చేయి కదపకుండా అట్లాగే పెట్టుకుని కూర్చున్నారు.